ధార తెంపని చెయ్యి

బెంగుళూరు పోయే లారీలన్నీ రాష్ట్ర సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఆగుతాయి. కాగితాలు చూపించాలి. కాగితాలు చూసేవాడికి తొందర ఉండదు. పైన ఎండకూ తొందర ఉండదు. ఆ ఆగే చోటే, రోడ్డు వారగా, హోసూరు వర్తక సంఘం ప్రతి వేసవీ కొబ్బరాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టేది. కింద ఇసుక, ఇసుక మీద కుండలు, కుండలకు తడిగుడ్డలు. వాటి వెనక, పీట మీద పుష్పవతి.

ఆమె భర్త బజారు వీధిలో ఒక కొట్లో గుమాస్తాగా ఉండి, కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఎండాకాలం తప్ప తక్కిన ఏడాదంతా శెట్ల ఇళ్ళకు అప్పడాలు ఒత్తి పెట్టేది. అప్పడాలు ఒత్తే మనిషిని ఎవరూ తలెత్తి చూడరు. చలివేంద్రంలో మాత్రం ఎంత పెద్ద మీసాల డ్రైవరైనా ఆమె ముందు నడుం వంచి నిలబడతాడు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఉగాది దగ్గర పడుతుంటే మాత్రం ముక్కు చెంబును చింతపండు వేసి మళ్ళీ మళ్ళీ తోమేది.

అక్కడ గ్లాసు లేదు. తాగేవాడు వంగి, దోసిలి నోటికి ఆనించి పెడతాడు. ఆమె పై నుంచి ధారగా పోస్తుంది. నోరు నిండి ఉంటుంది కాబట్టి చాలన్న మాట బయటికి రాదు. దాహం తీరినవాడు చెయ్యి పైకెత్తుతాడు. అంతదాకా ధార ఆగకూడదు. తెంపేది తాగేవాడే గాని పోసేవాళ్ళు కాదు. ఆమెకిది నేర్పింది అత్తగారు. ఆ పీట మీద ఇంతకుముందు కూర్చున్నది ఆవిడే. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. వానలు పడి పందిరి విప్పే రోజున తప్ప కుండ బోర్లించకూడదు.

ఎనభై మూడులో ఉగాది వచ్చింది గాని, అంతకు ముందటేడు రావలసిన వాన ఇంకా రాలేదు. హోసూరు బావుల్లో చేదతాళ్ళకు ముడి మీద ముడి వేసి పొడుగు చేసుకున్నారు. సంఘం సమావేశమైంది. తీర్మానం చేసింది. టెంపోలో పందిరికి పంపే డ్రమ్ములు సగానికి తగ్గాయి. నీరు పొదుపుగా వాడాలని మూడు భాషల్లో రాయించిన గుడ్డ ఒకటి పందిరికి కట్టారు. అది పందిరి కంటే పొడుగు.

అధ్యక్షుడు జయరామయ్య పుష్పవతికి వరసకు బావ. తీర్మానం చెప్పడానికి ఆయనే వచ్చాడు.

"అమ్మా పుష్పా, ఇంక మనిషికి సగం చెంబు."

"సగం కాంగానే ధార తెంపల్లా బావా?"

"తెంపాల్సిందే."

"చెయ్యెత్తకముందే?"

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "మా తోట బావిలో నిన్న చేద వేస్తే బురద వచ్చినాదమ్మా. నేనేం చేసేది? సాయంత్రం టెంపో వచ్చేలోపల కుండ ఖాళీ అయితే పందిరే ఎత్తేస్తామంటాండారు కమిటీవాళ్ళు. ఖాళీ కుండలు చూపిస్తే సంఘానికి నగుబాటు గదా. నువ్వే చూసుకోవల్ల."

ఆమె చూసుకుంది. మొదటి మనిషి వంగాడు. సగం చెంబయింది. ఆమె చెయ్యి ఆగలేదు, ఆపలేకపోయింది. చెంబును కాస్త తక్కువగా వంచింది. ధార వేలంత లావు నుంచి పుల్లంత అయింది. ఆపైన దారమంత. తెగలేదు. అతను వంగే ఉన్నాడు. నడుం పట్టింది. వెనక హారన్ మోగింది. చెయ్యెత్తేశాడు.

ఆ రోజు నుంచీ అలాగే పోసింది. లైన్లో నవ్వుకున్నారు.

"ఏమక్కా, నీళ్ళతో నూలు వడుకుతాండావా?" అన్నాడొక డ్రైవరు.

"కోడలికి అత్త నెయ్యి పోసినట్టుండాది," అన్నాడు వెనకవాడు.

పుష్పవతి కూడా నవ్వింది. నవ్వుతూనే కుండలో చెయ్యి పెట్టి చూసుకుంది. నీళ్ళు మణికట్టు దాకా ఉన్నాయి. మళ్ళీ చూసింది. పొద్దు వాలేదాకా అదే పని. నేను తెంపలేదు గదా, అనుకుంది.

సాయంత్రాలు కుండలో నీళ్ళు మిగలసాగాయి. జయరామయ్య తొంగి చూసి మురిసిపోయాడు. "చూసినావా, తీర్మానం పనిచేసినాది!" తాను సన్నగా పోస్తున్న సంగతి చెప్పేద్దామనుకుంది ఆమె. చెబితే ధార తెంపమంటారు, లేకుంటే పందిరి ఎత్తేస్తారు. ఊరుకుంది. సంఘం మళ్ళీ సమావేశమైంది. సగంలోనే మిగులుతున్నప్పుడు ఆ సగం మాత్రం దేనికి అన్నారు. మరునాటి నుంచి వచ్చింది ఒకే డ్రమ్ము.

ఆ ఒక్క డ్రమ్ము వచ్చిన మరునాడే, హోసూరుకు దిగువనున్న పోచంపల్లి సంత నుంచి పశువుల లారీ ఒకటి వచ్చి ఆగింది. అందులో నుంచి గురుబరపల్లి రైతు ఆంజప్ప దిగాడు. ఎద్దుల్ని అమ్మేసినవాడు, వాటి వెంటే బెంగుళూరు దాకా పోతున్నాడు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. వంగి దోసిలి పట్టాడు. ఆమె దారంలా పోసింది. ఒక గుక్క మింగి, కళ్ళెత్తి ధారను చూసి, చెయ్యెత్తేశాడు.

"అప్పుడే సాలాప్పా?"

"మా ఊరి బోరింగు ఆగిపోయే ముందర ఇట్లనే పోసినాదమ్మా, దారం మాదిరి. చూస్తానే తెలిసిపోయినాది. నా వెనక ఇంత మందుండారు, వాళ్ళకియ్యి."

ఎగతాళి కాదు. పక్కకు జరిగి నిలబడ్డాడు, ఎండలో.

ఇన్నాళ్ళూ చేతులెత్తినవాళ్ళు నడుం పట్టి ఎత్తారు, హారన్ విని ఎత్తారు. ఇతను తన వంతు ఇచ్చేసి ఎత్తాడు. పుష్పవతి చెంబు నిండా ముంచింది.

"ఇట్ల రాప్పా. వంగు."

"వద్దులేమ్మా..."

"వంగమంటాండా గదా!"

వేలంత లావు ధార. అతని గొంతు కదలడం చూస్తూ పోసింది. చాలాసేపటికి చెయ్యి లేచింది. తర్వాతివాడికీ అంతే, ఆ తర్వాతివాడికీ అంతే. "అక్క చేతిలో వానొచ్చెరా!" అని ఎవరో అరిచారు. పొద్దు నడినెత్తికి రాకముందే చెంబు చివరి కుండ అడుగున గీసుకుంది.

లైను ఇంకా ఉంది. తడిగుడ్డ కప్పి, టెంపో వస్తుంది ఉండండప్పా అంటే, కుండ ఖాళీ అని ఎవరికీ తెలియదు. ఆమె గుడ్డ తీసేసింది. కుండను ఎత్తి, ఇసుక మీద బోర్లించింది.

కబురందుకుని జయరామయ్య స్కూటర్ మీద వచ్చాడు. "ఏమ్మా ఇది! వానలు పడ్నాయా, కుండ బోర్లించేదానికి?"

"పడలే బావా. నీళ్ళయిపోయినాయి. ఇన్నాళ్ళూ నేను దారం మాదిరి పోసినాను. ఎవరికీ దాహం తీరలే. మిగిలినాయని మీరు తగ్గించినారు."

అప్పుడే లారీ దిగి వచ్చిన ఒక ముసలాయన, సంగతి తెలియక, జయరామయ్య ముందు వంగి దోసిలి పట్టాడు. కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడు. జయరామయ్య తన చేతులు చూసుకున్నాడు. స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇక పందిరి ఎత్తేసినట్టే అనుకుంది పుష్పవతి. గుడ్డలు మడిచింది. చెంబు తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. నీడ పందిరి దాటి రోడ్డు మీదికి పోయింది. అప్పుడు టెంపో వచ్చింది. డ్రైవరు దాసప్ప డ్రమ్ము దొర్లించలేదు, మూతలు పెట్టిన బిందెలు దించాడు.

"జయరామయ్య శెట్టిగారింట్లో తాగేదానికి పెట్టుకున్న నీళ్ళమ్మా. రేపటికి ఏమో, నాకు తెలీదు."

ఆమె కుండను తిప్పి నిలబెట్టింది.

ఆ వేసవంతా పందిరి నిలిచింది. ఇంటింటి బిందెలతో, కొన్ని రోజులు వెలుతురుండగానే ఖాళీ అవుతూ. మరుసటి ఏటికి సంఘం ఇంకొక తీర్మానం చేసింది. అదే చోట సిమెంటు తొట్టి కట్టించి కొళాయి పెట్టించింది. ఎవరికి కావలసినంత వాళ్ళు తిప్పుకుంటారు, వాళ్ళే కట్టేస్తారు. చెయ్యెత్తే పని లేదు. పీట అక్కరలేదు.

అయినా పుష్పవతి కొన్ని మధ్యాహ్నాలు అక్కడికి వచ్చేది. కొళాయి ఎంత బిగించి కట్టినా చుక్క కారేది. ఆమె దాని కింద ముక్కు చెంబు పెట్టి, పక్కన కూర్చుని, లోపల తొట్టిలో ఎంత ఉందోనని సిమెంటు గోడకు చెవి ఆనించేది.