జాతర సీనులో నవ్విన మనిషి

పాత సినిమాల టైటిళ్లు ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? నేను చదివాను. నాకు చదువు వచ్చిందే వాటితో. నాలుగో తరగతిలో బడి మానేసి, కొన్నాళ్లు చాయ్ అమ్మి, తర్వాత వికారాబాద్‌లో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పనికి కుదిరాను. రోజుకు మూడు ఆటలు, ఆడినన్ని వారాలు అవే అక్షరాలు తెరమీద పడుతుంటే ఎద్దుకైనా చదువు వస్తుంది. వాటిలో ఎవరెవరి పేర్లు ఉండేవనుకున్నారు! విగ్గులు ఇచ్చినాయన పేరు, కారు అరువిచ్చిన దొరగారి పేరు, యూనిట్‌కు భోజనాలు పంపిన హోటలు పేరు. ఒక సినిమాలో కుక్క నటిస్తే ఆ కుక్క పేరు కూడా వేశారు. కుక్కకు పేరుంది. హీరో చేత చెంపదెబ్బ తిని, బల్లమీంచి వెల్లకిలా పడి, లేచి దులుపుకుని పోయిన మనిషికి మాత్రం లేదు. ఆ దెబ్బ నటన కాదని అతని చెంప చూస్తే తెలుస్తుంది. అప్పుడూ నాకు మండింది, ఇప్పుడూ మండుతోంది.

ఆ మంటకు ఈ వయసులో ఒక పని దొరికింది. సినిమా పిచ్చోళ్లు కొందరు కలిసి ఇంటర్నెట్‌లో ఒక డేటాబేస్ కట్టుకున్నారు. జీతాలు లేవు, పెత్తనాలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. ప్రతి పాత సినిమాకూ ఒక పేజీ. టైటిళ్లలో పేరు పడనివాళ్లకు అందులో ఖాళీలు ఉంటాయి: ‘బండి తోలిన ముసలాయన’, ‘కోర్టు సీనులో తుమ్మిన బంట్రోతు’. ఎవరికి తెలిస్తే వాళ్లు పూరించాలి. సినిమా ఆపి బొమ్మ పట్టి, పక్కన అసలు మనిషి ఫోటో పెట్టి, ఎలా గుర్తుపట్టామో రాయాలి. ముగ్గురు ఒప్పుకుంటే పేరు ఎక్కుతుంది.

జనం ముఖం చూసి పోలుస్తారు. ముఖానికి రంగు పూస్తారు, మీసం అంటిస్తారు, దాన్ని నమ్మి ఏం లాభం? చెవికి ఎవరూ ఏమీ చేయరు. నడకకూ చేయరు. పైగా నేను గేటు దగ్గర పనిచేసినవాణ్ని. టికెట్టు చింపించుకుని చీకట్లోకి పోయేవాళ్లందరూ నాకు వీపే చూపించారు. ఈ జిల్లాలో సగం మందిని వెనకనుంచి గుర్తుపట్టగలను.

ఆ చెంపదెబ్బ మనిషిని అలాగే పట్టుకున్నాను. ఆయన తాండూరు దర్జీ. మా హాలువాళ్ల ఖాకీ చొక్కాలు కుట్టేవాడు. మధ్యలో హైదరాబాద్ పోయి ఏడాది తిరిగి, నాలుగు సినిమాల్లో తన్నులు తిని, ఇవేం పైసలురా అని తిరిగొచ్చి మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. ఆయన పేరు ఎక్కించడానికి నాకు రెండు నెలలు పట్టింది. కారణం బెంగళూరులో ఉండే ఒకడు. పేరుగా అక్షరాలూ అంకెలూ కలిపి ఏదో పెట్టుకున్నాడు. పేరు లేనివాళ్లకు పేరు తెచ్చే చోట వీడు తన పేరే దాచుకుంటాడు! దేనికైనా ఆధారం ఏదీ అంటాడు. నువ్వు పుట్టకముందే ఆ సినిమాను రోజుకు మూడుసార్లు చూసినవాణ్ని అని రాస్తే, జ్ఞాపకం ఆధారం కాదు అని జవాబు. అయినా సరే, ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగే వరకూ నేను పెట్టిన పేరు ఒక్కటి కూడా తప్పని తేలలేదు. ఇది నేను కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని.

ఇక అసలు సంగతి. చాయ్ అమ్మానన్నాను కదా, అది అనంతగిరి కొండమీద, క్షయ ఆస్పత్రి బయట. ఆ రోజుల్లోనే ఒక సినిమా వాళ్లు కొండమీదికి వచ్చి జాతర సీను తీశారు. మోమిన్‌పేట్ నుంచి బండ్లలో జనాన్ని దింపారు. చాలక దారిన పోయేవాళ్లను కూడా పట్టుకుని నిలబెట్టారు. నన్నూ నిలబెట్టారు, చాయ్ కెటిల్‌తో సహా. అందరినీ గుర్తుపట్టే నేను అందులో నాకే ఇంతవరకూ దొరకలేదు.

మొన్నటి వానాకాలంలో ఆ సినిమా మంచి ప్రింటు ఫోనులోకి వచ్చింది. జాతర సీను దగ్గర ఆపి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోతున్నాను. హీరోయిన్ వెనక, మూడో వరుసలో ఒక మనిషి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వమన్నారు కాబట్టి నవ్వుతున్నారు, పన్ను పీకే డాక్టరుకు నోరు తెరిచినట్టు. ఈమె నిజంగా నవ్వుతోంది. నవ్వొస్తే అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఈమె ముక్కుకు పెట్టుకుంది. తలలో పూలు, చంకలో బట్టల మూట, ఎడమ కనుబొమ్మ మీద గాటు.

నాకు తెలిసిన మనిషే. తాండూరు దగ్గర బండల గనిలో పనిచేసే ఆమె భర్త అప్పుడు ఆ ఆస్పత్రిలో ఉండేవాడు. రోజూ పొద్దున డబ్బా పట్టుకుని నా దగ్గరికి చాయ్‌కి, వేడినీళ్లకు వచ్చేది. నన్ను తమ్మీ అనేది. ఆయన అక్కడే పోయాడు. ఆమె ఇద్దరు పిల్లలను పెంచి పెద్దచేసింది. ఇప్పుడు పెద్దకొడుక్కు బండల పాలిష్ మిషన్లు ఉన్నాయి. ఆ కొడుకు పెళ్లికి నేనూ పోయాను. అప్పటి ఫోటో నా దగ్గర ఉంది.

ఆలోచించలేదు. పెళ్లి ఫోటోలోంచి ఆమె ముఖం కత్తిరించి పక్కన పెట్టాను, గాటు చూపించాను, చంకలో మూట కూడా రాశాను, నేను ఆ కొండమీదే ఉన్నానని రాశాను. రెండు రోజుల్లో ముగ్గురు ఒప్పుకున్నారు. ఆ ముగ్గురిలో బెంగళూరువాడు ఒకడు. అంతకంటే పెద్ద విజయం నా జీవితంలో లేదు. మిఠాయి కొనుక్కుని తాండూరు రైలెక్కాను.

పోయేసరికి పెద్దకొడుకు వరండాలో మంచం మీద ఉన్నాడు. కాలి మీద బండ పడి కట్టు కట్టారు. పక్క షెడ్డులో మిషను బండను గీకుతోంది, తెల్లటి బురదనీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయి. భార్యకూ ఇతనికీ ఏదో వాదన నడుస్తోంది. ఆమె చెల్లెలింట్లో ఏదో కార్యం, ఒక్కరోజు పోయి వస్తానంటోందట. ఇతను నన్ను చూసి రా మామా అని, మాట మాత్రం ఆపలేదు.

“మా అమ్మ మూడు నెల్లు మా నాయిన మంచం ఇడ్సలే. నువ్వు పది దినాలకే బేజారైతున్నవ్.”

కోడలు చాయ్ గ్లాసు నా ముందు గట్టిగా పెట్టి లోపలికి పోయింది.

అక్క ఇంటి వెనకవైపు అర్రలో ఉంది. నేను పోయి గొప్పగా ఫోను తీసి, సీను పెట్టి చేతికిచ్చాను. చూపు ఆనక దూరంగా పట్టుకుని చూసింది. మళ్లొకసారి పెట్టమంది. పెట్టాను. మూడోసారి బొమ్మ ఆపమని, తన ముఖం మీద కాదు, చంకలోని మూట మీద వేలు పెట్టింది. ఆ తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసింది.

“నా పేరు రాసినవా?”

“రాసిన అక్కా. ముగ్గురు ఒప్పుకున్నరు. ఇగ లోకమంత చూస్తది.”

“మూడు నెల్లల్ల గా ఒక్క దినమే నవ్విన తమ్మీ. గదే దొరికిందా నీకు?”

అప్పుడు చెప్పింది, గొంతు పైకి రాకుండా. ఆ రోజు వాగు దగ్గర బట్టలు ఉతకడానికి పోతున్నానని భర్తకు చెప్పి మూటతో బయలుదేరిందట. దారిలో సినిమా వాళ్లు ఆపారు. ఎవరో తలలో పూలు పెట్టారు. జాతర కోసం తెచ్చిన మేక ఒకటి హీరోగారి శాలువా కొస నమలడం మొదలుపెట్టింది. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నాకు ఆ మేక జ్ఞాపకమే. ఈమె ఆపుకోలేకపోయింది. పొద్దు గూకే దాకా అక్కడే ఉండి, పూలు తీసి పారేసి, మూట ఎలా కట్టిందో అలాగే, ఒక్క గుడ్డా ఉతక్కుండా తీసుకుని వార్డుకు పోయింది. భర్త ఆ మూట వైపు చూశాడు. ఏమీ అడగలేదు. నాలుగో రోజు ఆయన పోయాడు.

“తెల్సిందో లేదో నాకు తెల్వదు,” అంది. “మా అత్తనేమో నేను పక్క ఇడ్సలేదని సచ్చేదాంక అందరికీ చెప్పింది. నేను కాదనలే. కాదంటే గీ మూట సంగతి చెప్పాలె గదా.”

ఆ కథ మీదే ఆ ఇల్లు నడుస్తోంది. కొడుకు ఇందాక పెళ్లాం మీద విసిరింది కూడా దాన్నే. సినిమా పేజీలో తల్లి పేరు చూసి రేపు కొడుకు అది తీసింది ఎన్నాళ్ల కింద, ఏ నెల అని లెక్క వేయకుండా ఉండడు. పేరు తీసేయమంది. అంతే, ఇంకేమీ బతిమాలలేదు. నేను లేస్తుంటే తలుపు తీసి వరండాలోకి వచ్చి కోడలిని పిలిచింది.

“నువ్వు పోయి రా బిడ్డా. వాని కాలు నేను చూస్త.”

కొడుకు ఏదో అనబోయాడు. “నువ్వు సప్పుడు జెయ్యకు,” అంది.

పేరు తీయడం ఎంతసేపు అనుకున్నాను. ఆ డేటాబేస్ నియమాలు రాసినవాళ్లకు ఒక దండం. ఒప్పుకున్న పేరు నిజమైతే తీయరు. ఆ మనిషే వద్దంటే స్వయంగా రాయాలి, ఎందుకు వద్దో అందరి ముందు చర్చ జరగాలి, ఆ చర్చ పేజీ ఎప్పటికీ ఉండిపోతుంది. పేరు తప్పని తేలితే మాత్రం, అందులోనూ బతికున్న మనిషి పేరైతే, ఫోటోతో సహా ఆనవాలు లేకుండా తుడిచేస్తారు. అంటే నిజం చెరగదు, తప్పు చెరుగుతుంది. నేను తప్పు కావాలి.

మూడు రోజులు తిట్టుకున్నాను. వాళ్లను, సినిమాను, ఆ మేకను. నన్ను తిట్టుకోవడం ఆఖరికి పెట్టుకున్నాను. నాలుగో రోజు కూర్చుని రాశాను. ఆస్పత్రిలో రోగి దగ్గర ఉన్న మనిషి చంకలో మూటతో జాతర సీనులోకి ఎలా వస్తుంది, ఇది ఊరినుంచి వచ్చిన ఎవరో ప్రయాణపు మనిషి, కనుబొమ్మ గాటు ప్రింటు మీది గీత, నా కంటికి శుక్లాలు ఉన్నాయి, పొరపాటు నాదే. ప్రతి ముక్కా అబద్ధం. చివరిది తప్ప.

బెంగళూరువాడు అరగంటలో వచ్చాడు. పళ్లికిలించే బొమ్మ ఒకటి పెట్టాడు. జ్ఞాపకం ఆధారం కాదని నేను మొదటినుంచీ చెబుతున్నాను అని రాశాడు. పేరు చెరిపేశారు. అక్కడితో ఆగితే బాగుండు. ఈయన ఇక్కడ తప్పినవాడు ఇంకెక్కడ తప్పాడో అని, నేను పెట్టిన పేర్లన్నీ బయటికి తీసి మళ్లీ పరీక్ష మొదలుపెట్టారు. మొదట పోయింది దర్జీ. రెండు నెలలు కొట్లాడి ఎక్కించిన పేరు ఒక పూటలో పోయి, మళ్లీ ‘చెంపదెబ్బ తిన్న వ్యక్తి’ అయ్యాడు. ఆయన కబురు లేని లోకంలో ఉన్నాడు కాబట్టి నన్ను తిట్టలేడు. ఆయన తరఫున నేనే తిట్టుకుంటున్నాను. ఆయన పాత ఫోటో ఒకటి దొరుకుతుందేమోనని తాండూరులో తెలిసినవాళ్ల పెట్టెలన్నీ తీయిస్తున్నాను. వదలను.

ఇదంతా రాస్తానని ఆమెకు చెప్పాను. పేర్లు లేకుండా రాసుకో అంది. అందుకే సినిమా పేరు చెప్పలేదు. మూడో వరుస అన్నది కూడా నిజం కాదు. మీరు వెతక్కండి. పాలిష్ మిషన్లు ఉన్న కొడుకులు తాండూరులో సందుకొకరు.

పేరు చెరిగిన వారానికి ఆమె ఫోను చేసింది.

“తీసేసినవా తమ్మీ?”

“తీసేసిన అక్కా. ఇగ ఎక్కడ లేదు.”

ఆమె తలుపు వేసినట్టుంది, వెనక మిషను మోత తగ్గింది.

“మరి నన్నో?”

“నిన్నేంది?”

“సినిమాలకెల్లి నన్ను గూడ తీసేసిన్రా?”

అది ఎవరివల్లా కాదని చెప్పాను. పేరే పోయింది గానీ మనిషి అక్కడే ఉందని, ఎవరు ఎన్నిసార్లు ఆడించినా అలాగే నవ్వుతుంటుందని చెప్పాను.

“ఉండనియ్యి,” అంది. మళ్లీ తనే, “మా ఫోన్ల ఎట్ల పెట్టుకోవాలె గది?” అని అడిగింది. సినిమా పేరు చెప్పాను, ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పాను. ఆగు ఆగు అని, రాసుకోవడానికి కోడలిని పిలిచింది.