పద్నాలుగో నంబరు ఇంటి తాళం

మా వదినను వీధిలో అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. అన్నం తినేటప్పుడూ మెడలోనే, కూరగాయలు బేరమాడేటప్పుడూ మెడలోనే. ఓసారి పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో అలాగే కూర్చుంటే ఆయన, "అమ్మా, పన్ను కొలత నేను తీసుకుంటాను, అది పక్కన పెట్టండి" అన్నాడట. మా ఆయనకు ఆవిడ సొంత అక్క. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇద్దరిదీ ఒకటే కుట్టు కొట్టు. ఆవిడ కత్తిరిస్తుంది, కుడుతుంది. నేను కాజాలు, గుండీలు, అంచులు చూసుకుంటాను. ఆవిడ కొలతలు గట్టిగా చదువుతుంటే రాసుకునేదీ నేనే. రోజుకోసారి మాకు మాటా మాటా పెరగకపోతే కొట్లో మిషను కూడా సరిగ్గా తిరగదు. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకేమో ఎవరైనా రెండు తియ్యటి మాటలు చెబితే చాలు, వెన్నలా కరిగిపోతుంది.

చలికాలం సెలవులు వచ్చాయంటే మా వీధి సగం ఖాళీ. జనం సూట్‌కేసులు సర్దుకుని చుట్టాల ఊళ్ళకో, మంచు చూడటానికో బయల్దేరతారు. వెళ్ళేముందు మా కొట్టుకి రెండు పనుల మీద వస్తారు. ఒకటి కోటు జిప్పు మార్పించుకోవడానికి, రెండోది ఇంటి తాళంచెవి మా వదిన చేతిలో పెట్టడానికి. ఇది ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. ఎవరో రైలు అందుకునే హడావిడిలో "టేపక్కా, కాస్త నీ దగ్గరుంచు" అని బల్ల మీద పడేసి పోయారట. తిరిగొచ్చేసరికి మొక్కలు పచ్చగా ఉన్నాయి, గుమ్మం ముందు ఒక్క కాగితం ముక్క లేదు. ఇంకేముంది, మరుసటి ఏడాదికి వీధి వీధంతా తాళాలు పట్టుకుని బయల్దేరింది.

మా వదిన ఈ పని ఉట్టినే చేస్తుంది, పైగా ఉద్యోగం కన్నా నిష్ఠగా చేస్తుంది. చీకటి పడే వేళకు ఇల్లిల్లూ తిరిగి ఒక దీపం వేస్తుంది. గేటుకు గుచ్చిన కరపత్రాలు తీసేస్తుంది. ఒకరింట్లో పరదా కాస్త పక్కకు లాగుతుంది, ఇంకొకరి పెరట్లో పాత చొక్కా ఒకటి ఆరేస్తుంది, మనుషులున్నట్టు కనిపించాలని. "ఆ చొక్కా వారం నుంచి ఆరుతూనే ఉంది వదినా, దొంగకు జాలేసి ఇస్త్రీ చేసి పెడతాడు" అని నేను వెక్కిరిస్తే, మర్నాడు చొక్కా తీసి దుప్పటి ఆరేసింది.

తాళంచెవుల మీద ఆవిడ పేర్లు రాయదు, ఇంటి నంబర్లూ రాయదు. "పేరు రాసి కట్టామంటే దొంగ చేతికి దారి చూపించినట్టే కదే" అంటుంది. ఎవరికి ఏం కుట్టామో ఆ గుడ్డలో మిగిలిన పీలిక ఆ ఇంటి తాళంచెవికి కట్టి గోడకున్న కొక్కేలకు తగిలిస్తుంది. అందుకని మా ఇద్దరి మధ్య ఇళ్ళకు గుడ్డల పేర్లే. గోధుమరంగు గళ్ళ కోటువాళ్ళంటే బ్యాంకు గుమాస్తా కుటుంబం. ఊదారంగు లైనింగు అంటే నర్సమ్మగారు. వీళ్ళ అసలు పేర్లు, ఇంటి నంబర్లు మాకెందుకు, మేమేమన్నా పోస్టాఫీసు నడుపుతున్నామా.

నర్సమ్మగారు పెద్దాస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారు. ఆ ఇల్లు ఆవిడ ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేసి, నిద్ర అమ్ముకుని కట్టుకున్నది. అంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. కిటికీ గడియ ఒకటికి రెండుసార్లు లాగి చూస్తారు, గ్యాస్ కట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తారు. ఊరెళ్ళే ముందు ఏ కొరియరైనా వస్తే పనికొస్తుందని తన పూర్తి పేరు, ఇంటి నంబరు, తిరిగొచ్చే తేదీ అన్నీ మా వదిన ఫోన్‌కు మెసేజ్ పెట్టి మరీ వెళ్ళారు. తీరా మర్నాడు పొద్దున్నే మంచు కొండ మీద గొడుగు పట్టుకుని నవ్వుతున్న ఫొటో లోకమంతా చూసేట్టు పెట్టారు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. కిటికీలు బిగించుకుని ఏం లాభం, ఊళ్ళో లేనని తనే దండోరా వేసుకున్నాక.

ఈ ఏడు మా వదిన కూడా ఊరెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక సెలవుల్లో కొట్టు వదిలి వెళ్ళడం ఇదే మొదలు. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం, కొత్త ఇంట్లోకి మారింది, రమ్మని ఒకటే పోరు. తాళాలన్నీ నాకు అప్పగిస్తూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"నేను చెబితే తప్ప ఎవరికీ ఇవ్వకే."

"నువ్వు చెబితే ఇవ్వనా మరి?"

"నేను చెబితే ఇవ్వు. నేను తప్ప ఎవరు చెబుతారు?"

ఇద్దరం తెలివైనవాళ్ళమే అనుకున్నాం అప్పటికి.

ఆవిడ వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం, నేను ఒక కోటుకు గుండీలు కుడుతున్నాను. ఫోన్ టింగుమంది. వదిన నుంచి మెసేజ్. పద్నాలుగో నంబరు ఇంటి వాళ్ళ బంధువు వస్తాడు, ఇంటి తాళం అతనికి ఇవ్వాలి, వాళ్ళు మందులు మర్చిపోయారు, అత్యవసరం అని. పక్కనే ఆవిడ ఫొటో, ఆ మెడలో టేపు. నాకు అనుమానమెందుకొస్తుంది? కాసేపటికే మనిషి వచ్చాడు. శుభ్రమైన కోటు, దువ్విన తల, చేతిలో సంచి.

"నమస్తే అండీ. పద్నాలుగో నంబరు మా పిన్నిది. టేపక్కగారు మీకు చెప్పారట కదా."

"చెప్పిందండీ. మీ పిన్నిగారంటే ఎవరు?"

అతను ఏదో పెద్ద పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. కొక్కేల వైపు చూశాను. గళ్ళు ఉన్నాయి, చారలు ఉన్నాయి, ఊదా లైనింగు ఉంది, నల్ల మఖ్మలు ఉంది. పద్నాలుగు మాత్రం లేదు. రోజూ సాయంత్రం ఆ ఇళ్ళన్నిట్లో దీపం వేసి వస్తున్నదాన్నే, ఒక్క గేటు మీదా నంబరు చూసిన పాపాన పోలేదు. నాకు కోపం వచ్చేసింది. అతని మీద కాదు, మా వదిన మీద. ఊదా లైనింగో చారల చొక్కానో అని చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? కూతురింటికి వెళ్ళి నాలుగు రోజులైందో లేదో ఆఫీసరమ్మ అయిపోయింది, నంబర్లు చెబుతోంది. ఇవాళ దులిపెయ్యాల్సిందేనని ఫోన్ చేశాను.

"ఏం వదినా, నంబర్లు నేర్చావా అక్కడికెళ్ళి? పద్నాలుగంటే ఎవరు?"

"పద్నాలుగేంటే? ఎవరి భుజం?"

"భుజం కాదు తల్లీ, ఇల్లు. మందుల కోసం మనిషి వచ్చాడు, తాళం ఇవ్వమని నువ్వేగా మెసేజ్ పెట్టావు."

"నేను నీకేం పంపలేదే. నిన్నట్నుంచి ఆ మెసేజీలు తెరుచుకోవడం లేదు నాకు, ఫోన్ పాడైంది కాబోలనుకున్నాను" అంది.

చేతిలో సూది, ఎదురుగా అతను, మధ్యలో ఒక చెక్క బల్ల. అతను నా మొహం చూస్తున్నాడు. అరవాలని తోచలేదు, పరిగెత్తాలనీ తోచలేదు. ఏం చెయ్యాలో తెలియక ఫోన్ అతని వైపు చాపాను.

"టేపక్కే లైన్లో ఉంది. మీతో మాట్లాడుతుందట."

అతను ఫోన్ వంక చూశాడు, తీసుకోలేదు. "బండి అడ్డంగా పెట్టాను, పక్కకు తీసి వస్తానండీ" అని మర్యాదగా చెప్పి మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా మామూలుగానే నడిచాడు. మళ్ళీ రాలేదు. వస్తాడేమోనని నేను షట్టర్ కిందికి లాగి, కొక్కేల మీది తాళాలన్నీ ఒళ్ళో పోసుకుని నేల మీద చతికిలబడ్డాను. బతుకు జీవుడా అనుకున్నాను. ఒక్క గుడ్డ పేరు అతనికి తెలిసుంటే నా చేత్తో నేనే తీసిచ్చి, మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపేదాన్ని.

జరిగిందేమిటో సాయంత్రానికి తేలింది. కూతురింట్లో ఉండగా మా వదినకు ఎవరో ఫోన్ చేశారు. మీరు తెప్పించిన జిప్పుల పార్శిల్ వచ్చిందమ్మా, మీ ఫోన్‌కు నంబరు ఒకటి వస్తుంది, అది చెబితే కొట్లో దించేస్తాం అన్నారు. జిప్పులు ఆవిడ నిజంగానే తెప్పించుకుంది, సెలవుల్లో జిప్పులు తెప్పించుకోని కుట్టు కొట్టు ఉండదు కదా. జీవితమంతా ఆవిడ పని ఏమిటి? నంబరు చూడగానే పైకి చదవడం, అవతలివాళ్ళు రాసుకోవడం. ఛాతీ, నడుము, చెయ్యి పొడవు చదివినట్టే అదీ చదివింది. పైగా, "రాసుకున్నావా నాయనా, మళ్ళీ చదవనా" అని అడిగిందట. అది ఆవిడ మెసేజీల ఖాతా తెరిచే రహస్య సంఖ్యట. దాంతో ఆవిడ మెసేజీలన్నీ వాళ్ళ చేతికి వెళ్ళిపోయాయి. ఎవరు ఊళ్ళో లేరు, ఎప్పుడొస్తారు, తాళాలు ఎక్కడున్నాయి, అన్నీ పుస్తకంలా చదువుకున్నారు. పద్నాలుగో నంబరు నర్సమ్మగారిది.

మా మేనకోడలు కూర్చుని తల్లి ఖాతా వెనక్కి రప్పించి, ఇంకో రహస్య సంఖ్య పెట్టి బిగించింది. మా ఆయన పోలీసులకు చెప్పి వచ్చాడు. వాళ్ళు సాయంత్రాలు వీధిలో ఒక చుట్టు తిరుగుతామన్నారు, తిరిగారు కూడా. మర్నాడు మధ్యాహ్నానికల్లా వదిన బస్సు దిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చీ రాగానే ఫోన్ తీసి అందరికీ చేస్తానంది.

"ఎవరికి?" అన్నాను.

"తాళాలిచ్చిన వాళ్ళకి."

"నీకు మతి గానీ పోయిందా? ఏమీ పోలేదు. తాళాలు ఉన్నాయి, ఇళ్ళు ఉన్నాయి. గట్టున పడ్డాం కదా అనుకుని నోరు మూసుకోక, ఊరందరికీ చాటుకుంటావా? రేపట్నుంచి ఒక్కరు మన మొహం చూస్తారా?"

"చూడకపోతే మానెయ్యనీ. వాళ్ళు ఊళ్ళో లేరన్న సంగతి ఎవడో పరాయివాడికి తెలుసు. అది వాళ్ళకు తెలియొద్దూ?"

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరికోసం చెబుతున్నాను? ఈ వీధిలో ఆవిడకున్న ఆస్తి ఆ మాట ఒక్కటే, టేపక్క దగ్గర పెడితే భయం లేదన్న మాట. అది కాస్తా పోతుందని నా బాధ. ఆవిడ వినలేదు. నా ముందే కూర్చుని ఒక్కొక్కరికీ చేసింది. తప్పు ఎవరిమీదా తొయ్యలేదు. "నేనే చదివి చెప్పానండీ, బుద్ధి లేక. తాళాలు క్షేమంగానే ఉన్నాయి. అయినా వచ్చాక మార్పించుకోండి" అని అందరికీ అదే మాట. కొందరు పోనీలే అన్నారు. బ్యాంకు గుమాస్తా మాత్రం ఒంటికాలి మీద లేచాడు. సాయంత్రమే వాళ్ళ బావమరిది వచ్చి తాళం పట్టుకుపోయాడు, మాతో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు ఇంకొకరూ అంతే. చివరికి నర్సమ్మగారు. అంతా విని, "సరే, నేను వచ్చాక మాట్లాడతాను" అని పెట్టేశారు. ఆవిడ తిట్టినా బాగుండేది. మా వదినకు ఆ తర్వాత అన్నం సయించలేదు. సాయంత్రాలు ఆ ఇంట్లో దీపం మాత్రం తనే వెళ్ళి వేసి వచ్చేది, తోడుగా నన్నూ రమ్మనేది.

నర్సమ్మగారు అనుకున్న రోజుకే వచ్చారు. తాళంచెవి తీసుకున్నారు, ఇంట్లోకి వెళ్ళారు. కాసేపటికి తాళాలు బిగించే మనిషి సైకిల్ మీద ఆ ఇంటివైపు వెళ్ళడం కనిపించింది. తర్వాత సుత్తి దెబ్బలు. మా కొట్లోకి బాగా వినిపిస్తున్నాయి. మార్చుకోమని చెప్పింది మా వదినే, అయినా ఒక్కో దెబ్బకూ ఆవిడ మొహం మాడిపోతోంది. మిషను ముందు కూర్చుందన్న మాటే గానీ చక్రం తిప్పలేదు. నేను కత్తెర వెతుకుతున్నట్టు నటించాను.

సుత్తి చప్పుడు ఆగింది. ఇంకాసేపటికి నర్సమ్మగారు మా మెట్లెక్కారు. మా వదిన లేచి నిలబడింది.

"ఇల్లంతా చూసుకున్నాను. చెంచా కూడా పోలేదు" అన్నారు ఆవిడ. "ఫొటో పెట్టి నేనూ తెలివితక్కువ పనే చేశాను, ఇక తిరిగొచ్చాకే పెట్టుకుంటాను. నువ్వు చెప్పినట్టే పాత తాళం తీయించేశాను."

"మంచి పని చేశారండీ" అంది మా వదిన.

నర్సమ్మగారు చేతిసంచి తెరిచి కొత్త తాళంచెవి ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"కొత్తదానికి రెండు చెవులిచ్చాడు. ఒకటి నాది. ఇది నీ దగ్గరుంచు."

"నా దగ్గరెందుకండీ మళ్ళీ. ఇంత జరిగాక."

"వార్డులో తప్పు చెయ్యని నర్సును నేను చూడలేదమ్మా. కొందరు దాచేవాళ్ళు, కొందరు పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళు. రాత్రి నేను ఇంటికెళ్ళాలంటే చెప్పేవాళ్ళకే వార్డు అప్పగించి వెళ్ళేదాన్ని. హాయిగా నిద్రపట్టేది నాకు."

మా వదిన తాళంచెవి గుప్పిట్లోకి తీసుకుని అక్కడే నిలబడి ఏడ్చేసింది. దాచడం దేనికి, నేనూ ఏడ్చాను.