తల లేని చార్టు

2008 జూలైలో బదిలీ మీద తిరువూరు ప్రభుత్వాసుపత్రిలో హెల్త్ ఎడ్యుకేటరుగా చేరాను. డాక్టరుకు కింద, ఏఎన్‌ఎంలకు పైన ఉండే ఉద్యోగం అది. సూది వేయడం, మందు రాయడం మా పని కాదు. డాక్టరు చెప్పింది రోగికి అర్థమయ్యేలా చెప్పడం మా పని. అందుకు బొమ్మల చార్టులు వాడేవాళ్ళం. ఏ చార్టునైనా జనంలోకి తీసుకెళ్ళే ముందు పరీక్షించాలి. అక్షరాలను తెల్లకాగితంతో మూసి, ‘ఏం కనబడుతోంది?’ అని అడగాలి. జవాబు మనం అందించకూడదు. వాళ్ళు ఏ మాటంటే ఆ మాటే రాసుకోవాలి. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త గర్వం ఉండేది.

చేరిన రెండో నెలలో పెనుగొలను నుంచి సువార్త వచ్చింది. పత్తి చేలలో కూలికి వెళ్ళే మనిషి. మూడేళ్ళ కూతురు ఉంది. ఇప్పుడు రెండో గర్భం, పదకొండో వారం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాత జ్వరం వల్ల గుండె కవాటం సన్నబడిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాన్పు దాకా వెళితే ప్రాణాపాయం, గర్భం తీయించుకోవడం మంచిదని మా లేడీ డాక్టరుగారు చెప్పారు. ఆమె సరేనంటే గుండె డాక్టర్లున్న విజయవాడ పెద్దాసుపత్రికి పంపాలి. పన్నెండు వారాలు దాటితే రెండో డాక్టరు సంతకం కూడా కావాలి, ప్రమాదమూ పెరుగుతుంది. సువార్త మాత్రం అవుననీ అనదు, కాదనీ అనదు. రెండుసార్లు వచ్చి ఊరికే వెనక్కి వెళ్ళింది. మూడోసారి నన్ను మాట్లాడమన్నారు.

వెంట వాళ్ళ అక్క కరుణ వచ్చింది. గంపలగూడెంలో టీచరు. గర్భం తీయించుకోవడం పాపమని రాసే రెండు బ్లాగులను నెట్ సెంటర్లో చూసి, రంగుల్లో ప్రింటు తీయించి చెల్లెలికిచ్చింది. ఒకటి నల్లటి పేజీ, ఎర్ర అక్షరాలు, నడుమ పిండం ఫొటో. రెండోది లేత గులాబీ పేజీ, అంచుల్లో పూలు, మధ్యలో పసిబిడ్డ. కడుపులోని బిడ్డ తల్లికి రాసినట్టుగా ఓ ఉత్తరం.

“దాన్ని భయపెడదామని తేలేదండీ. రేపు అదే బాధపడుద్దేమోనని తెచ్చాను” అంది కరుణ. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు కూడా ఉబ్బి ఉన్నాయి.

నల్ల పేజీ చూసి సువార్త బెదిరిపోయిందని నేను తేల్చేసుకున్నాను. అయినా అలవాటు కొద్దీ రెండు పేజీల మీదా అక్షరాలు మూసి, ఏం కనబడుతోందని అడిగాను.

ఆమె చాలాసేపు చూసింది. “ఈ నల్లది అరుస్తన్నట్టుందండీ, ఎవరో గుమ్మంలో నిలబడి తిడతన్నట్టు. తిట్లు నాకు కొత్తా? దీనికేం భయపడలేదు. ఈ గులాబీది బతిమాలతంది. నాకు ఏడుపొచ్చింది దీనికే.” రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ అంది: “రెండిట్లోనూ అమ్మ లేదండీ మేడంగారూ. బిడ్డ ఇక్కడ చీకట్లో ఉంది, అక్కడ పూలల్లో ఉంది. అమ్మ ఎటు పోయిందో!”

ఇరవై ఏళ్ళుగా బొమ్మలు చూపించి బతుకుతున్నదాన్ని. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి కనబడింది నాకు కనబడలేదు. లోపల కొంచెం సంబరం కూడా వేసింది. చూశావా, వాళ్ళు తల్లినే మరిచిపోయారు అనుకుంటూ మా చార్టు తెరిచాను. గర్భం తీసే పద్ధతి చూపించే ఆ చార్టును దగ్గరుండి గీయించింది నేనే. పరీక్షలో అందరూ ‘గర్భసంచి’ అని సరిగ్గా చెప్పారని మురిసిపోయింది కూడా నేనే.

సువార్త దాన్నీ అంతే శ్రద్ధగా చూసింది. “మీదాంట్లోనూ అంతేగదండీ. నడుం కాణ్ణించి మోకాళ్ళ దాకా ఉంది. తలకాయేదీ?”

నాకు సిగ్గేసింది. అక్క తెచ్చిన కాగితాలు బిడ్డ సంగతి చెప్పాయి. మేము గర్భసంచి సంగతి చెప్పాం. ఆమె గుండెకు ఏమవుతుందో ఎవరమూ చూపించలేదు.

చార్టు తిరగేసి, వెనక తెల్లటి వైపున నిలువెత్తు ఆడమనిషిని గీశాను. బొమ్మ ఏమంత బాగా రాలేదు. డాక్టరుగారు వచ్చి అందులోనే గుండె గీసి, నెలలు నిండేకొద్దీ దాని మీద ఎంత భారం పడుతుందో అరగంట సేపు చెప్పారు.

అంతా విని, “మరి నా కూతురేదండీ? దాన్ని కూడా గీయండి” అంది సువార్త. పక్కనే చిన్నపిల్లను గీశాను. ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. కరుణ తన ప్రింట్లు మడిచి సంచిలో పెట్టుకుంది, పారేయలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని, “నీ ఇష్టమేనే. ఏదైనా నేను వెంట ఉంటా” అంది.

మర్నాడు ఉదయం సువార్త భర్తతో వచ్చి, గర్భం తీయించుకోవడానికి వెళతానని చెప్పింది. విజయవాడకు కరుణ సెలవు పెట్టి వెంట వెళ్ళింది. ఆ తర్వాత కవాటానికి కూడా చికిత్స జరిగింది.

మిగిలిన సర్వీసంతా పరీక్షలో ఇంకో ప్రశ్న కలిపి అడిగాను: ‘ఇందులో ఎవరు కనబడడం లేదు?’ ఆ ప్రశ్న పెనుగొలను సువార్తది. ఆ ప్రశ్న దగ్గర మొదట తప్పిన చార్టు నాదే.