పునాది పోయిందర్రా!

మా వెర్నెల్ అత్తకు ఇళ్ళంటే భయం. దయ్యాలున్న ఇళ్ళని కాదు, పాడుబడ్డ ఇళ్ళని కాదు. నాలుగు గోడలూ ఒక కప్పూ ఉన్న ఏ ఇల్లయినా సరే, చూడగానే గుండెలు గుబగుబలాడేవి. అలాంటి మనిషి బతుకుతెరువుకు ఏం ఎంచుకుందంటే, పన్ను కట్టలేదని కోర్టు జప్తు చేసిన ఇళ్ళను వేలంలో పాడుకుని, బాగుచేసి అమ్మడం. ఇరవై ఏళ్ళలో పదకొండు ఇళ్ళు కొంది. భయపడిన ఇళ్ళు తొమ్మిది వందలకు తక్కువుండవు.

టొలీడోలో మా పేట మొత్తానికి ఈ సంగతి తెలుసు. ఇల్లు చూడటానికి బయల్దేరిందంటే నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్, మెడలో విజిల్ ఉండాల్సిందే. వేలానికి ముందు ఎవరినీ లోపలికి పోనివ్వరు కాబట్టి చూసేదంతా రోడ్డు మీద నుంచే.

"రోడ్డు మీద నిలబడేదానికి హెల్మెట్ ఎందుకక్కా?" అని మా నాన్న అడిగేవాడు.

"కప్పు లేచొచ్చి నా మీద పడదని రాసిస్తావా?" అనేది. మా నాన్న ఏనాడూ రాసివ్వలేదు.

నేను కుదురుగా కూర్చోలేక కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసినవాణ్ణి. టైర్ల కొట్లో నాలుగేళ్ళు పనిచేసి తొమ్మిది వేల డాలర్లు కూడబెట్టాను. రెండు వేల పదో సంవత్సరంలో మా ఊళ్ళో ఆ డబ్బుకు ఇల్లు వచ్చేది. తప్పుడు ఇల్లు కొంటే నాలుగేళ్ళూ గంగలో కలిసేవి. అందుకని అత్త దగ్గర శిష్యరికానికి చేరాను.

మొదటి శనివారమే చెప్పింది. "కారు ఇంజను ఆపకు."

"ఎందుకు?"

"ఇల్లు కూలితే పారిపోవద్దూ?"

"ఇల్లు మన వెంటపడదు కదత్తా!"

"నీకేం తెలుసురా, కాలేజీ మానేసినవాడివి."

"కాలేజీలో ఇళ్ళు వెంటపడతాయని చెప్తారా?"

"పూర్తిగా చదివుంటే చెప్పేవాళ్ళేమో."

ఆమె భయాల్లో రెండు రకాలున్నాయి. చిన్న భయాలకు లెక్కలేదు. అటక మీద ఉడుతలు, గోడలో బూజు, పైపులో మంచు, పొగగొట్టంలో పిట్టగూడు. ఇవన్నీ ఉన్నాయంటూనే ఒక్కోసారి ఆ ఇల్లు తనే కొనేది. పెద్ద భయం మాత్రం ఒక్కటే. అది వచ్చినప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వెనక్కి నడిచి, "పునాది పోయిందర్రా!" అనేది. చర్చిలో ముప్పై ఏళ్ళుగా పాడుతున్న గొంతు కాబట్టి ఆ మాట మూడో వీధిలో కూడా వినపడేది. ఆ ఇంటికి ఇక మా ఊరివాళ్ళెవరూ పాట పెట్టేవాళ్ళు కాదు. ఎందుకొచ్చిన గొడవ?

ఆ భయమే నన్ను ఒకసారి కాపాడింది కూడా. ఒక ఎర్ర ఇటుకల ఇల్లు నాకు తెగ నచ్చింది. వేలంలో పాట పెట్టడానికి కార్డు ఎత్తబోతుంటే అత్త నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"నంబరు చూశావా?"

"చూశాను. ఎర్ర ఇల్లు."

"ఇల్లు కాదురా, నంబరు! పటం తియ్యి."

తీశాను. కోర్టువాళ్ళు అమ్మేది పటంలోని స్థలం నంబరును, చిరునామాను కాదు. ఆ నంబరు ఎర్ర ఇంటి వెనకున్న సందుది. రెండడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడవు. అది పన్నెండు వందలకు ఎవరో కొత్తవాడు పాడుకున్నాడు. నవ్వుతూ అందరితో చేతులు కలిపాడు పాపం.

తర్వాతి వేలం ఇరవై రెండో తారీఖున. జాబితాలో నలభై ఒకటో నంబరు బాక్స్‌టర్ వీధిలో తెల్ల ఇల్లు. ఈసారి పటం మూడుసార్లు చూసుకున్నాను. ఇల్లే, సందు కాదు. శనివారం అత్తతో వెళ్ళి రోడ్డు మీద నుంచి చూశాను. కప్పు కొత్తది, కిటికీలు గట్టివి, ముందు వెడల్పాటి వసారా. నాలుగు వేల రెండొందల నుంచి పాట మొదలు. కళ్ళు మూసుకుని కొనచ్చు అనుకున్నాను.

అత్త కళ్ళు మూసుకోలేదు. గుండె మీద చెయ్యి వేసుకుంది. రెండడుగులు వెనక్కి నడిచింది.

"అనకత్తా," అన్నాను. "దయచేసి అనకు."

"పునాది పోయిందర్రా!"

"ఏదీ, ఎక్కడ పోయింది? చూపించు!"

"పైకి కనపడితే అది పునాది ఎందుకవుతుందిరా?"

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. కొంటే ఇల్లు నెత్తిన కూలుతుందేమో. కొనకపోతే ఇంకెవడో తన్నుకుపోతాడు. అన్నిటికన్నా పాడు అనుమానం ఇంకొకటి పట్టుకుంది. అత్తే దాన్ని చవగ్గా కొట్టేయాలని చూస్తోందేమో!

గురువారం మధ్యాహ్నం టైర్ల కొట్లో సెలవడిగి, రసమట్టం పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఇంటి పక్కన బోర్లా పడుకుని పునాది పొడుగునా కొలిచాను. రసమట్టంలోని బుడగ నడిమధ్య నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఆ ఇంటి పక్కతలుపే తెరుచుకుంది. ఒక పెద్దావిడ, తలకు వంటవాళ్ళు కట్టుకునే వల, చేతిలో గరిటె.

"నా గోడతో ఏం మాట్లాడుతున్నావు బాబూ?"

"పునాది చూస్తున్నానండీ."

"ఓ, వెర్నెల్ మేనల్లుడివా!" అని ఆవిడ పకపకా నవ్వింది. "లే, లే. చొక్కా మాసిపోతుంది."

ఆవిడ పేరు ఆర్డెల్ టబ్స్. బడిలో మూడొందల మంది పిల్లలకు వండుతుంది. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి బీన్సూ మొక్కజొన్న రొట్టే పెట్టింది.

"మీ అత్తా ఈ మెట్టు మీదే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదే! కాయితాలన్నీ తనే నింపింది. పన్ను వాయిదాల్లో కట్టుకోవచ్చట. మొదటి వాయిదా కట్టాలంటే నాకు జీతం రావాలి. జీతం ముప్పయ్యో తారీఖున. వేలమేమో ఇరవై రెండున."

"మరెలాగండీ?"

"ఎవరూ పాట పెట్టకపోతే రెండో వేలం నెల తర్వాతట కదా. 'ముప్పయ్యో తారీఖు సంగతి నువ్వు చూసుకో ఆర్డెల్, ఇరవై రెండో తారీఖు సంగతి నేను చూసుకుంటా' అంది."

"పునాది మాత్రం బాగుందండీ."

"బాగుండదా మరి? మా ఆయన తన చేత్తో పోశాడు. నిక్షేపంలా ఉంది. ఆ మాట బయట అనకేం."

తిరిగి వస్తుంటే అత్త పునాది పోయిందన్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒకదాని వెనక తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. ఒకదాని ముందు పిల్లల సైకిలు. ఇంకోదాని గుమ్మంలో ఎవరో అప్పుడే నీళ్ళు పోసిన పూలకుండీ. ఖాళీ ఇళ్ళకేమో ఉడుతలూ బూజూ!

నాకు ముందు జాలి కలిగిందని చెప్పను. నా దగ్గర కూడా దాచిందని కోపం వచ్చింది. జాబితాలో అన్నిటికన్నా మంచి ఇల్లు, దాని పునాది గట్టిదని తెలిసిన పాటదారుణ్ణి నేనొక్కణ్ణే, జేబులో తొమ్మిది వేలు. అత్తతో ఒక్క మాటా అనలేదు. ఇరవై రెండో తారీఖు పొద్దున కార్డు పట్టుకుని కోర్టు హాల్లో కూర్చున్నాను. బొటనవేలు చెమటకు కార్డు మీది అంకె అలుక్కుపోయింది.

నా పక్క కుర్చీలో కొత్త మనిషి. పేరు కెల్లర్‌మన్. అరిజోనా నుంచి విమానంలో దిగాడు, జాబితా మీద నలభై ఇళ్ళకు గీతలు పెట్టుకున్నాడు. ఒక్కదాన్నీ కంటితో చూడలేదు.

వేలం వేసే కోర్టు ఉద్యోగి ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు. "నలభై ఒకటి. నాలుగు వేల రెండొందలు. ఎవరైనా?"

"పునాది పోయిందర్రా!" అంది అత్త.

మా ఊరివాళ్ళ కార్డులన్నీ ఒళ్ళోకి దిగిపోయాయి. కెల్లర్‌మన్ మాత్రం నవ్వాడు. "పోతే పోయిందిలేమ్మా. కొత్తది పోయిస్తా." అతని చెయ్యి లేవడం మొదలుపెట్టింది.

అప్పుడు చూశాను అత్త ముఖం. కప్పు కూలుతుందని, ఇల్లు వెంటపడుతుందని ఇన్నాళ్ళూ నేను చూసిన భయాలకు గొంతుండేది. దీనికి లేదు.

నాకు అబద్ధమాడటం చేతకాదు. అందుకని నిజమే చెప్పాను.

"సార్, పునాది సంగతి ఆవిడకేం తెలుసు! నేను మొన్నే బోర్లా పడుకుని చూసొచ్చా."

చెయ్యి భుజం దగ్గర ఆగింది. "ఎలా ఉంది?"

"పునాది సంగతి వదిలెయ్యండి సార్. లోపల మనిషుంది."

"మనిషా? ఖాళీ చేస్తుందా?"

"చేసేలా లేదు సార్. గరిటె పట్టుకుని వచ్చింది."

"గరిటె... ఎంతుంటుంది?"

"మూడొందల మందికి వండే గరిటె సార్."

అతను నా చొక్కా వైపు చూశాడు. మట్టి మరక ఇంకా పోలేదు. "నిన్నేం చేసింది?"

"మెట్ల మీద కూర్చోబెట్టింది సార్. తినేదాకా లేవనివ్వలేదు."

ఆ చెయ్యి మెల్లగా పక్కకు తిరిగి చెవి గోక్కుంది.

"ఎవరూలేరెవరూలేరులేరు!" అని ఒక్క గుక్కలో అనేసి ఓర్విల్ సుత్తి కొట్టాడు. ఇరవై ఏళ్ళ కొలువులో అంత వేగంగా అతను ఏ సుత్తీ కొట్టి ఉండడు.

నలభై నాలుగో నంబరు నేను పాడుకున్నాను. ఖాళీ ఇల్లు, కారే కప్పు, ఉడుతలు ఉచితం. ముప్పయ్యో తారీఖున ఆర్డెల్ మొదటి వాయిదా కట్టింది. నలభై ఒకటో నంబరు జాబితాలోంచి పోయింది.

వేలం రోజున మాత్రం కెల్లర్‌మన్ మమ్మల్ని వదల్లేదు. ఇంత మేలు చేసిన మనుషుల్ని ఊరికే పంపనని, కోర్టు ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకెళ్ళి భోజనం పెట్టించాడు. అక్కడ మిగిలిన జాబితా తీసి, మధ్యాహ్నం పాటకు ముందు ఒకసారి చూసి పెట్టమని అత్తను చాలా వినయంగా అడిగాడు.

అత్త కళ్ళజోడు పెట్టుకుంది. పెన్ను తీసుకుంది. ఊళ్ళో ప్రతి వీధీ తిరిగిన మనిషి కదా, ఏ ఇంట్లో ఎవరుంటున్నారో ఆమెకు తెలుసు. ఒక్కో నంబరు మీదా వేలు ఆనించి, ఆగి, నిట్టూర్చి, "అయ్యో, దీనికీ పోయింది బాబూ," అంటూ అడ్డంగా గీత కొట్టేసుకుంటూ పోయింది.

నేను ఆపిల్ పై ముక్క తింటూ లెక్కపెట్టాను. పదమూడు ఇళ్ళు కొట్టేసింది. కెల్లర్‌మన్ పదమూడుసార్లు థాంక్స్ చెప్పాడు.