అంగిట్లో బిళ్ళ

నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా నాయనమ్మకి అలవాటు. అలా కాలిస్తే గాలికి ఆరదని ఆవిడ వాదన.

ముప్పయ్యో దశకంలో ఓ ఉదయం, రైల్లో మేమున్న ఆడవాళ్ళ పెట్టెలోకి ఏలూరులో ఒక కొల్లేటి మనిషి ఎక్కింది. నెత్తిన చేపల గంప, చంకన ఏడాది పిల్లాడు. నాయనమ్మ చుట్ట చూసి ఆమె ఏదో అంది. మాటంతా ముక్కులోంచే రావడంతో మాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె అటు తిరిగి, కొంగుముడిలోంచి ఎర్ర రబ్బరు బిళ్ళ తీసి, కడిగి, అంగిట్లో బిగించుకుంది.

"నేనూ ఇలాగే కాల్చేదాన్నండి, అమ్మగారూ. వీడు కడుపులో ఉండగా అంగిట్లో రాచపుండు లేచింది. ఇద్దరూ దక్కరన్నారండి. కడుపుతోనే కోయించుకున్నాను. అంగిలి పోయింది, వీడు దక్కాడు."

నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "మరి మాటో?"

"అదీ పోయిందండి. ఇంక చేపలేం అమ్ముతావన్నారు అందరూ. ఆసుపత్రివాళ్ళు ఈ బిళ్ళ చేసిచ్చారు," అని నవ్వింది.

తాడేపల్లిగూడెం వచ్చింది. ఆమె గంప నెత్తికెత్తుకుని, పిల్లాణ్ణి చంకనేసుకుని దిగింది. దిగీదిగగానే ఒక్క కేక వేసింది.

"కొల్లేటి కొర్రమీనండోయ్!"

ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా తలలు తిరిగాయి. చంకలో పిల్లాడు కూడా "ఓయ్!" అన్నాడు.

రైలు కదిలింది. గాలికి ఆరదన్న చుట్ట నాయనమ్మ చేతిలోనే ఆరిపోయింది. ఆవిడ మాత్రం కిటికీకి చెవి ఆనించి, ఆ కేక వినబడినంతసేపూ వింటూనే ఉంది.