నాన్న తెల్లకోటు, ఆఫీసరు నిక్కరు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం గాలి ఉంటుంది. చీమను చూసివచ్చి ఏనుగు తరిమిందని చెప్పే అలవాటు నాకుందని మా ఇంటావిడ ఇప్పటికే ఊరంతా చాటింది కాబట్టి దాచి లాభం లేదు. మీరూ నా ఈడువారే అయితే ఎంత తగ్గించుకోవాలో అంత తగ్గించుకుని చదవండి.

మొన్న సోమవారం పొద్దున మా అమ్మాయి మేముంటున్న జగదల్‌పూర్‌లోనే ఏదో కంపెనీలో వేసవి ఇంటర్న్‌షిప్‌కు మొదటిరోజు బయలుదేరింది. అనాసపండ్ల బొమ్మలున్న వదులు పైజామా, మోకాళ్ల దాకా జారిన చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. పిల్ల నిద్రలో నడుస్తోందేమోనని నాకు గుండె ఆగినంత పనైంది. వీధిలో ఆవు కూడా నెమరు ఆపి చూసింది. ఆఫీసుకు సెలవా అమ్మా అని అడిగితే, "నాన్నా, మా బాస్ కూడా ఇలాగే వస్తాడు. నీట్‌గా టక్ చేసుకుని వెళ్తే ఇన్సూరెన్సు అమ్మడానికి వచ్చాననుకుంటారు" అని స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

నేను అరుగు మీద అలాగే కూలబడ్డాను. ఒక వేసవిలో నేను కూడా ఇలాగే ఒక ఆఫీసుకు మొదటిరోజు వెళ్లాను కదా, ఆ బట్టలు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

నాన్న ప్యాసింజరు రైలు గార్డు. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి బస్తర్ గనుల వైపు కిరండూల్ రైలు లైనుకు వచ్చి, ఇనుపరాయి దుమ్ముకు కాకులు కూడా ఎర్రబడిపోయే ఊళ్లో తెల్ల ప్యాంటూ తెల్లకోటూ తొడుక్కుని బతికిన మనిషి. అమ్మ ఆ బట్టలను నానబెట్టి, ఉతికి, గంజీ నీలమందూ పెట్టి ఆరేస్తే, వాటి తెలుపుకు ఎదురుగా వచ్చే రైలు ఇంజను డ్రైవరు కళ్లు మూసుకునేవాడు. కోటు లేని నాన్నను మేం చూసి ఎరగం. స్నానానికి కూడా కోటుతోనే వెళ్తాడని మా చెల్లి అనుమానం.

నేను పాలిటెక్నిక్ చదువుతూ వేసవి శిక్షణకు మా ఊరి ఇనుపరాయి లోడింగ్ ఆఫీసుకే వచ్చాను. అది పూర్తి చేస్తే డిప్లొమా చేతికొస్తుంది, లేకపోతే అంతవరకు చదివిన చదువు గంగపాలు. నాన్న బతుకంతా ప్లాట్‌ఫారం మీదే గడిచింది తప్ప, యార్డు అవతలి ఆ లోడింగ్ వైపు ఆయన ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా ఆఫీసంటే ఎలా ఉంటుందో ఆయనకు ఖచ్చితంగా తెలుసు. పైఅధికారులు తనిఖీకి వచ్చిన రోజున మాత్రమే తొడిగే తన మంచి జతను నాకోసం దర్జీ చేత బిగుతు చేయించాడు. ఇత్తడి బొత్తాలు తీసి ప్లాస్టిక్కువి కుట్టిస్తే అది గార్డు కోటని ఎవడూ పోల్చుకోలేడని ఆయన నమ్మకం.

తీరా వెళ్తే ఆఫీసు ఒక రేకుల షెడ్డు. మే నెల ఎండకు లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు. అందరూ బనియన్ల మీద ఉన్నారు, నెత్తిన తడి తువ్వాళ్లు. భద్రాచలం వైపు నుంచి వచ్చిన తెలుగాయనే ఆఫీసరు. ఖాకీ నిక్కరు వేసుకుని, నీళ్ల బకెట్లో రెండు కాళ్లూ పెట్టుకుని సంతకాలు చేస్తున్నాడు. నేను నోరు తెరిచి గుమ్మంలో నిలబడ్డానో లేదో ఎవరో "గార్డ్ సాబ్ ఆ గయా!" అని కేకపెట్టారు.

అక్కడ గూడ్సు రైలు గార్డు స్వయంగా ఆఫీసుకు నడిచొచ్చాడంటే, లోడింగ్ ఆలస్యమైందని పోట్లాటకు వచ్చాడనే అర్థం. ఆఫీసరు లేచిన వేగానికి బకెట్ బోర్లాపడింది. చేతుల్లోని టీ గ్లాసులు విసిరేసి మనుషులు వ్యాగన్ల వైపు పరుగులు తీశారు. కొండ సగం విరిగిపడినంత చప్పుడుతో రాయి వ్యాగన్లలోకి జారింది. దుమ్ము సర్దుకునేసరికి నేను బట్టీలోంచి తీసిన ఇటుకలా ఉన్నాను.

నేనెవరో తెలిశాక ఆఫీసరు తల పట్టుకున్నాడు. "ఏంది తమ్మీ ఈ అవతారం? ట్రైనింగుకు వచ్చినోడివి ట్రైనింగు పిల్లగాని లెక్క రా. రేపు మళ్ల ఈ తెల్లకోటుతో కనపడ్డవో, వాపస్ పంపిస్త."

ఇంటికొచ్చి చెబితే నాన్నకు నాకంటే పెద్ద దిగ్భ్రాంతి. "ఆఫీసరు నిక్కరేసుకున్నాడేట్రా? బకిట్లో కాళ్లెట్టుకున్నాడేటి? నీ కోతలు నాకాడ కొయ్యకు. నువ్వేటో ఎదవ పని సేసుంటావు, ఆలు పొమ్మనుంటారు!" ఏనుగుల కథలు చెప్పేవాడికి దక్కే ఫలం ఇదే. కోటు లేకుండా గడప దాటడానికి వీల్లేదన్నాడు. కోటుతో వెళ్తే ఆఫీసరు వెళ్లగొడతాడు. చివరికి అమ్మే, "పోనీ ఒకపాలి మీరే ఎల్లి సూసి రండి" అని తేల్చింది.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. నాన్న మల్లెపువ్వులా, నేను ఎంత ఉతికినా దిగని ఎరుపుతో రోజాపువ్వులా. ఒక్క గార్డుకే కొండ విరిగితే ఇద్దరు గార్డులకు ఏమవ్వాలి? షెడ్డు మొత్తం ఖాళీ అయిపోయింది. బకెట్లోంచి లేచిన ఆఫీసరూ, గుమ్మంలో నాన్నా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"బాబూ, తమరేనా ఆఫీసరు?" అన్నాడు నాన్న.

"నేనే గార్డు సాబ్. ఈ రేకుల కింద పాయింటు ఏసుకుంటే మనిషి ఉడికిపోతడు. మీ పిలగాడు మంచోడే, కానీ ఈ కోటు కనపడితే మావోళ్లు పని ఇడిసిపెట్టి ఉరుకుతున్నరు. ఇప్పేస్తే ఉంటడు, లేకుంటే పోతడు. మీరే చెప్పున్రి."

నాన్న నిక్కరును చూశాడు, బకెట్‌ను చూశాడు, నన్ను చూశాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్తాడని, నా చదువు అంతటితో సరి అనీ అనుకున్నాను. ఆయన నిదానంగా తన కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. విప్పి, దులిపి, గోడకున్న మేకుకు తగిలించాడు. లోపలున్నది బనియను కాదు, జల్లెడ. రాజుగారిలా తిరిగే మనిషి లోపల ఇంత కాలమూ అది తొడుక్కుని తిరుగుతున్నాడని మాకెవరికీ తెలియదు.

"ఇప్పీరా. అందరూ ఇడిసిన కాడ మనమొక్కలం తొడుక్కుంటే, అది పొగరౌద్ది" అన్నాడు.

నేనూ విప్పాను. ఆఫీసరు టీ తెప్పించాడు. నాన్న ఆ జల్లెడతోనే స్టూలు మీద కూర్చుని, తనను చూసి తనే గలగలా నవ్వాడు. నా శిక్షణ నిలబడింది, డిప్లొమా వచ్చింది, దాని మీదే ఇంతకాలం అన్నం తిన్నాను.

ఇప్పటి పిల్లలు ఏ బట్టలతో ఇంట్లో ఉంటారో అవే బట్టలతో ఆఫీసులో ఉంటారు. హాయే. వాళ్లకోసం గుమ్మం దగ్గర ఎవరూ ఏమీ విప్పక్కర్లేదు. మా కాలంలో మనిషికి పరువు ఒక్కటే జత ఉండేది, దాన్ని కొడుక్కిచ్చి తను పాతది తొడుక్కునేవాడు.

ఇంతకీ ఇందులో నేను కల్పించినదేది అంటారా? ఆవునూ కాకుల్నీ మీరు ఎప్పుడో తగ్గించుకుని ఉంటారు. నిక్కరు నిజం, బకెట్ నిజం, జల్లెడ బనియనుకైతే నేను ఒక్క చిల్లు కూడా కలపలేదు. కలిపింది ఆ నవ్వు. నాన్న ఆరోజు నవ్వలేదు. సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టి, కోటు తొడుక్కుని, మెడ దాకా బొత్తాలన్నీ పెట్టుకుని, నా వైపు చూడకుండా ఆ ఎర్రదుమ్ములో స్టేషను దారి పట్టి వెళ్లిపోయాడు.