ఉప్పు చల్లిన గిరి

మా పై అంతస్తులోకి ఎవరో కొత్తగా దిగారు. పొద్దున్నే నిప్పుల మీద ఉప్పు వేసి దిష్టి తీసినట్టున్నారు, చిటపటమన్న చప్పుడు మెట్ల మీదుగా మా గదిలోకి వచ్చింది. నేను అప్పటికే మూడోసారో నాలుగోసారో కుర్చీలోంచి లేచి తిరుగుతున్నాను. ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడికాలు తనంతట తానే పైకి లేచి నేలను దబ్బుమని తన్నింది. వంటింట్లోంచి మా ఆవిడ తల బయటికి పెట్టి, "మల్ల గుర్తొచ్చిండా మీ సారు?" అంది. గుర్తొచ్చాడు. ఉప్పు చప్పుడైతే చాలు, దేవదానం సారు వస్తాడు. వచ్చాక నన్ను కూర్చోనివ్వడు. అసలే నేను కూర్చునే రకం కాదు.

దేవదానం సారు మా కార్ఖానాలో వెల్డింగు షాపు ఫోర్‌మన్. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఎదురుపడినా చూసేవారు కాదు, మనిషి అంత సన్నం. పక్కకు తిరిగితే కనబడడు, హాజరు వేసేటప్పుడు ఎదురుగా నిలబడమని చెప్పాలి అనేది నేను పుట్టించిన మాటే. అలాంటి మనిషి భూమ్మీద అందరికన్నా లావుపాటి మనుషుల కోసం ప్రాణం పెట్టేవాడు. సుమో అని జపాను వాళ్ళ కుస్తీ. డెబ్బైల మొదట్లో, పటాన్‌చెరు చుట్టూ ఇంకా జొన్నచేలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, పటేల్‌గూడలో కిరాయి ఇంట్లో కూర్చుని, సముద్రాల అవతల ఎవరు ఎవర్ని నెట్టారో తెలియక అన్నం సహించని మనిషి ఆయనొక్కడే అయి ఉంటాడు. తర్వాత ఇద్దరమయ్యాం.

నేను ఏడో తరగతిలో బడి వదిలేశాను. ఆ తర్వాత సైకిల్ షాపు, హోటలు, పిండిగిర్ని, లారీ క్లీనరు. ఎక్కడా కాలు నిలవలేదు. ఎంత చదివావని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. సారు దగ్గర హెల్పరుగా చేరిన రోజు ఆయనా అదే అడిగాడు.

"బడి గోడ దాక సదివిన సారూ. ఆడికెల్లి గోడ దుంకిన," అన్నాను.

షాపంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. "దుంకుడు వస్తదన్నమాట. నిలబడుడు వస్తదా?" అన్నాడు. వెల్డింగు పనిలో అది మామూలు ప్రశ్నే, చెయ్యి ఆడితే అతుకు పుండులా ఉబ్బుతుంది. కానీ ఆయన అడిగింది చేతి గురించి కాదేమోనని ఆ రోజంతా నాకు ఒకటే చికాకు.

నేను చేరకముందు కంపెనీ వాళ్ళు కొందరిని జపానుకు ట్రైనింగు పంపారు. అందరూ ట్రాన్సిస్టర్లు, నైలాను చొక్కాలు తెచ్చుకున్నారు. సారు ఈ పిచ్చి తెచ్చుకున్నాడు. అక్కడ పని నేర్పిన ఒక పెద్దమనిషి ఒకరోజు ఆయన్ని ఆటకు తీసుకుపోయాడట. మట్టి దిబ్బ మీద గడ్డితాడుతో గుండ్రంగా ఒక గిరి. అందులో గోచీ కట్టుకున్న ఇద్దరు కొండంత మనుషులు. గిరి దాటి అడుగు పడినా ఓటమే, అరికాలు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓటమే. కుస్తీ చిటికెలో అయిపోతుంది. దాని ముందరి తతంగమే పెద్దది. కాలెత్తి నేలను తన్నడం, గుప్పెడు ఉప్పు చల్లడం, వంగి ఒకరి కళ్ళలోకి ఒకరు చూడడం, మళ్ళీ లేచిపోవడం, మళ్ళీ ఉప్పు. "ఎందుకు సారూ గింత లొల్లి? కొట్టుకోరాదు?" అని నేను గింజుకునేవాడిని. "ఇద్దరి ఊపిరి ఒక్కటి కావాలెరా. అప్పటిదాక ఆట షురూ కాదు," అనేవాడు.

ఆ మల్లుల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. చాలా పేర్ల చివర 'యమ' అని ఉండేది. యముడనుకుని భయపడ్డాం. యమ అంటే వాళ్ళ భాషలో కొండ అని సారు చెప్పాక, ఆయన ప్రాణం పెట్టే మల్లుడికి నేను కొండయ్య అని పేరు పెట్టేశాను. క్యాంటీనులో అదే స్థిరపడిపోయింది. పోటీలు పదిహేను రోజులు సాగేవి, ఏడాదికి ఆరుసార్లు. సాయంత్రాలు రేడియో ముందు మేమిద్దరం. ఇంటి మీంచి వేపచెట్టు దాకా రాగితీగ లాగి కట్టాడాయన. ఆ తీగ పట్టుకుని జపానునుంచి ఒక ఇంగ్లీషు గొంతు, చేపల అంగట్లో గుసగుస చెప్పినట్టు, వచ్చీ రానట్టు వచ్చేది. సారు సగం విని సగం ఊహించి నాకు చెప్పేవాడు, నేను మర్నాడు దానికి ఇంకో సగం కలిపి క్యాంటీనులో ఆడి చూపించేవాడిని. కొండయ్య గెలిస్తే ఆ రోజు మా పని బాగున్నట్టు. ఓడితే మేము వేసిన అతుకులన్నీ ఆయన కళ్ళకు వంకరే.

కొండయ్య గొప్పేమిటంటే ఎన్నడూ పక్కకు జరిగేవాడు కాదు. ఆ ఆటలో ఒక ఎత్తు ఉంది. ఎదుటివాడు దున్నలా మీదికి వచ్చేటప్పుడు చటుక్కున పక్కకు జరిగితే, వాడి ఊపుకు వాడే పోయి బయట పడతాడు. తప్పేం కాదు, లెక్కకు గెలుపే. కానీ జనం ఛీ కొడతారట. ఒక సాయంత్రం కొండయ్యను ఎవడో అట్లా పడగొట్టాడని రేడియో చెప్పింది. సారు రేడియో కట్టేసి ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగడం మొదలుపెట్టాడు. ఆయన భార్య సుగుణమ్మ గారు, "అన్నం సల్లారుతుంది, మీ కొండయ్య తిన్నడు గని మీరు తినుండ్రి," అన్నా వినలేదు. "ఎదురొచ్చేటోనికి ఎదురుండాలెరా మల్లేశూ. అది వాని హక్కు," అన్నాడు.

ఆట ఎట్లుంటుందో కళ్ళతో చూపించమని షాపులో వాళ్ళు అడిగితే, ఒక ఆదివారం చర్చి అయ్యాక, సారు ఇంటి వెనక జాగాలో సున్నంతో గిరి గీశాం, సారు అందులో ఉప్పు చల్లాడు. సుగుణమ్మ గారు వద్దంటూనే ఉన్నారు. మా షాపు సత్తెయ్య బండలాంటి మనిషి. వాడు వంగి నా మీదికి ఉరికాడు. నేను చటుక్కున జరిగాను. వాడు పోయి ముళ్ళకంపలో పడ్డాడు. అందరూ చప్పట్లు. సారు దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు, "బడి గోడ గిట్లనే దుంకినట్టున్నవు," అన్నాడు. నేను దానిమీద కూడా జోకు వేయబోయాను. వేయకుండా పోయి సత్తెయ్యను ముళ్ళలోంచి లాగాను.

అక్కడే కథ అడ్డం తిరిగింది. ఆ వారంలోనే ఇంటి యజమానురాలు బాలమ్మ బర్రె చచ్చింది. కళ్ళముందు ఏమేం కనబడుతున్నాయో మీరే చూడండి. ఇంటి వెనక తెల్లటి గిరి. గిరిలో ఉప్పు. ఇంటి మీంచి చెట్టుకు రాగితీగ. సాయంత్రమైతే లోపల్నుంచి అర్థం కాని గొంతు. మా దిక్కు పల్లెల్లో దీనికంతటికీ ఒకటే పేరు, బాణామతి. ఆ మాట పడ్డ మనిషి పళ్ళూడగొట్టిన ఊళ్ళున్నాయి. పళ్ళతో సరిపెట్టని ఊళ్ళూ ఉన్నాయి. దిష్టికి ఉప్పు తిప్పని ఇల్లు ఊళ్ళో ఒక్కటి లేదు, అది మంచి ఉప్పు. సారు చల్లింది మాత్రం చెడ్డ ఉప్పు అయిపోయింది.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం జనం వచ్చారు. ముందు బాలమ్మ, వెనక ఊరి పహిల్వాన్ యాదయ్య. "నా బర్రె ఏం జేసింది సారూ నిన్ను? ఇల్లు ఖాళీ జెయ్యి," అంది బాలమ్మ. ఖాళీ చేస్తే చాలదని వెనకవాళ్ళ చేతుల్లో కర్రలు చెబుతున్నాయి. సారు ఇది ఆట అన్నాడు. "ఆటనా? ఉప్పు వోసి ఆడే ఆట ఏం ఆటనే?" అన్నాడు యాదయ్య. "ఆటనే అయితే నాతోని ఆడు."

సారు చొక్కా విప్పాడు. ఎముకలు లెక్క పెట్టుకోవచ్చు. గిరిలో వంగి నిలబడ్డాడు. యాదయ్య ఆగలేదు, ఊపిరీ గీపిరీ కలవలేదు, లారీలా వచ్చాడు. ఆ క్షణంలో సారు కళ్ళలో భయం చూశాను. ఆయన కుడికాలు పక్కకు జరిగింది. యాదయ్య గాలిని గుద్దుకుని బయట బోర్లా పడ్డాడు.

నేను గెలిచాం అని ఎగిరాను. నేనొక్కణ్ణే ఎగిరాను. జనం అంతా ఒక్కసారిగా వెనక్కి జరిగారు. "ముట్టలేదు! ముట్టకుంటనే పడగొట్టిండు!" అని ఎవరో అన్నారు. ఆ మాటతో ఎవరికీ అనుమానం మిగల్లేదు. యాదయ్యంతటి వాణ్ణి ఇంత సన్నపు మనిషి చెయ్యి తగలకుండా పడేశాడంటే అది మంత్రం కాక ఏమిటి? ఆ క్షణానికి భయపడి వెళ్ళిపోయారు గాని, మళ్ళీ ఊరంతా కలిసి వస్తారని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

"సారూ, పొద్దుగూకక ముందే పోదం. బొల్లారంల మా మేనమామ ఉన్నడు. ఈడ వద్దు," అన్నాను. నా ఒళ్ళంతా తేళ్ళు పాకుతున్నట్టుంది, ఒకచోట నిలబడలేకపోతున్నాను. సుగుణమ్మ గారు అప్పటికే గిన్నెలు మూట కడుతున్నారు. సారు గోడ నుంచి గోడకు తిరుగుతున్నాడు. నేను బాణామతి భయమనుకున్నాను. కాదు.

"వాడు ఎదురొచ్చిండురా. నేను లేను," అన్నాడు. "ఇన్నేండ్లు రేడియో ముంగట కూసోని పక్కకు జరిగినోళ్ళని తిట్టిన. నా మీదికొస్తే నేను జేసింది గదే."

నేరుగా యాదయ్య ఇంటికి నడిచాడు. వద్దు వద్దంటూ నేను వెనకే. యాదయ్య ఆయన్ని చూసి గడపలోంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "యాదయ్యా, నేను తప్పుకున్న. నువ్వు పడలేదు, నేను తప్పుకున్న. అది కుస్తీ కాదు. రేపు మల్ల రా," అన్నాడు సారు. యాదయ్య తల్లి లోపల్నుంచి, "పోకు కొడుకా!" అని అరుస్తోంది. కానీ ఊరంతా వింటుండగా పహిల్వాన్ రానని ఎట్లా అంటాడు?

మర్నాడు మధ్యాహ్నం ఊళ్ళో పనికి పోయినవాళ్ళు లేరు. యాదయ్య మొలకు నిమ్మకాయ, మెడలో తాయెత్తు, కాలికి నల్లదారం కట్టుకొచ్చాడు. ఈసారి నేను నవ్వలేదు. నిన్నటిదాకా మూటలు కట్టిన సుగుణమ్మ గారు ఉప్పు కుండ తెచ్చి గిరి పక్కన నిలబడ్డారు. గుప్పెడు తీసి ఆయన చేతిలో పోశారు. సారు చల్లాడు. కాలెత్తి నేలను దబ్బుమని తన్నాడు. వంగి చూశాడు. యాదయ్య ఉరకబోతే చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ ఉప్పు. రెండోసారి యాదయ్య కూడా ఏమనుకున్నాడో, అట్లాగే వంగాడు. ఎప్పుడూ విసుక్కునే నాకు ఆ కాసేపు ఊపిరి ఆడలేదు.

ఇద్దరూ ఒక్కసారే లేచారు. సారు జరగలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నా ఎముకల్లో ఉంది. ఆయన గాలిలోకి లేచి, గిరి దాటి, బాలమ్మ పెంటకుప్పలో పడ్డాడు.

కర్రలు పట్టుకున్నవాళ్ళు కర్రల వైపు చూసుకుంటున్నారు. అప్పుడు బాలమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "వామ్మో! మంత్రగాడైతే గిట్ల పడ్తడా?" అంది. ముందు ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత ఊరు ఊరంతా నవ్వింది. సారు లేచాడు. ఎడమ భుజం వేలాడుతోంది. పేడ తుడుచుకోలేదు, మళ్ళీ గిరిలోకి వచ్చి, ఓడినవాళ్ళు చేసినట్టే, యాదయ్యకు ఎదురుగా నిలబడి తల వంచాడు. యాదయ్యకు ఏం చెయ్యాలో తెలియలేదు. తనూ వంచాడు. నిమ్మకాయ జారి కిందపడింది.

ఎడ్లబండి మీద కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోతుంటే నేను ఉండబట్టలేక, "సారూ, ఓడి గెలిచిండ్రు," అన్నాను. అంత నొప్పిలోనూ నా వైపు తిరిగాడు. "ఓడితే ఓడినననే చెప్పురా. మాటను గూడ పక్కకు జరపకు."

ఇల్లు ఖాళీ చెయ్యమని బాలమ్మ మళ్ళీ అనలేదు. తీగ చెట్టుకే ఉంది. కొన్నాళ్ళకు యాదయ్య కూడా సాయంత్రాలు వచ్చి రేడియో ముందు గొంతుక్కూర్చుని, "సారూ, మన కొండయ్య ఏమాయె?" అని అడిగేవాడు. సారు ఎడమ చెయ్యి ఆ తర్వాత భుజం దాటి పైకి లేవలేదు. కొండయ్య ఆట మానుకున్నాక కూడా ఆయన రేడియో మానలేదు. చాలా ఏళ్ళ తర్వాత, నేను పక్కన ఉండగానే పోయాడు. చివరిదాకా నవ్వించే బాధ్యత నాదే, నవ్వకుండా ఉండే బాధ్యత ఆయనదే.

నా పెళ్ళిచూపులకు సదాశివపేట పోయినప్పుడు పిల్ల తండ్రి అదే ప్రశ్న అడిగాడు, ఎంతవరకు చదివావని. గోడ జోకు నాలుక మీదికి వచ్చేసింది. కుర్చీ కింద కుడికాలు పక్కకు లేచింది. లేచిన కాలిని ఉన్నచోటే దింపాను. "ఏడో తరగతి తప్పిన. మల్ల పోలే," అన్నాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. తర్వాత లోపలికి తిరిగి, "చాయ్ తేండ్రి," అన్నాడు. ఆ చాయ్ తెచ్చినామెనే ఇప్పుడు వంటింట్లోంచి నన్ను కూర్చోమంటోంది.

జోకులు పోలేదు, పోవు. తిరుగుడూ పోలేదు. ఎవరైనా ఎదురొచ్చి గట్టి మాట అడిగితే ఈ కాలు ఇప్పటికీ ముందు పక్కకే లేస్తుంది. కింది ఇంటివాళ్ళు ఒకటి రెండుసార్లు వచ్చి, "పైన ఏందన్నా ఆ చప్పుడు?" అని అడిగారు. ఏం లేదు, లేచిన కాలును ఉన్నచోటే దించుతున్నానని చెప్పాను.